మోజార్ట్ ‘మేజిక్ ఫ్లూట్’ని పిల్లల కోసం గంటకు కుదించాలంటే: ఏది తీసెయ్యాలి, ఏది ముట్టుకోకూడదు?

#1 తెరచాటు

అందరికీ నమస్కారం. ‘మేజిక్ ఫ్లూట్’ని 6 నుంచి 11 ఏళ్ళ పిల్లలకి తెలుగులో, విరామం లేకుండా, గంటలో వెయ్యాలి. 250 సీట్ల హాలు, మైకులు లేవు. పియానోతో కలిపి వాయించేవాళ్ళు ఐదుగురే. అసలు ఒపేరా మాటలూ పాటలూ కలిపి దాదాపు మూడు గంటలు. అడగదలచుకున్నవి ఇవి: కోత ఎక్కడ పెట్టాలి? ఎంతమంది గాయకులతో సరిపెట్టొచ్చు? జర్మన్ మాటలకి కట్టిన వరసలో తెలుగు ఎలా కూర్చోబెట్టాలి? పాము, గంటలు, నిప్పు, నీళ్ళు లాంటి రంగస్థలం సంగతులు తెలిసినవాళ్ళు కూడా దయచేసి చెప్పండి.

#2 మంద్రస్వరం

మొదటి ఒపేరాగా ఇది మంచి ఎంపిక. కారణం కథలో పాము ఉందని కాదు. ఇది పాటకీ పాటకీ మధ్య మామూలు మాటలుండే రకం. 1791 సెప్టెంబర్ 30న వియన్నా శివారు థియేటర్లో మొదటిసారి ఆడింది. మాటలు రాసిన షికనేడరే అందులో పిట్టలు పట్టే పాపగేనో వేషం కట్టాడు. ఒవర్చర్ (మొదట్లో వాద్యాలే వాయించే భాగం) కాకుండా 21 అంకెలు, అంటే వరసగా నంబర్లు వేసిన పాటలూ బృందగానాలూ ఉంటాయి. చాలా అంకెలకి ముందూ వెనకా మాటలే కాబట్టి ఒక అంకె మొత్తం ఎత్తేసినా అతుకు కనబడదు, శ్రుతి మారినా చెవికి తగలదు. వాగ్నర్, పుచ్చీని రచనల్లో ఈ సౌకర్యం లేదు. అక్కడ సంగీతం ఏకధార, ఎక్కడ కోసినా కుట్టు బయటపడుతుంది.

అందుకే నా మొదటి మాట: అంకెలు ఎత్తెయ్యండి, చరణాలు తగ్గించండి, మాటల్ని నిర్దాక్షిణ్యంగా కొట్టెయ్యండి. ఉంచిన పాట లోపల మాత్రం కత్తెర పెట్టొద్దు. నాలుగు నిమిషాల పాటని రెండు నిమిషాలు చేస్తే పిల్లలకి రెండు నిమిషాలు మిగలదు, అసలు పాటే మిగలదు. వేగం పెంచి సమయం మిగుల్చుకోవడం అంతకన్నా పెద్ద తప్పు. మాటలు వినబడవు, మాటలు వినబడకపోతే ఈ వయసు వాళ్ళు రెండో నిమిషంలోనే పక్కవాడితో కబుర్లు మొదలెడతారు.

కథ తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో: రాకుమారుడు టమీనోని పాము తరుముతుంది, రాత్రి రాణి దాసీలు ముగ్గురు కాపాడతారు. పూజారుల పెద్ద సరాస్ట్రో ఎత్తుకుపోయిన రాణి కూతురు పమీనాని తేవడానికి టమీనో, పాపగేనో మాయవేణువూ గంటలూ పట్టుకుని బయల్దేరతారు. తీరా చూస్తే చెడ్డది రాణే.

గంటకు నా లెక్క ఇది, నిమిషాలు సుమారుగా:

ఒవర్చర్‌లో మొదటి 15 గతులు (బార్లు), అంటే ఆ మూడు తీగల (కొన్ని స్వరాలు ఒకేసారి మోగే ‘కార్డ్’ల) నెమ్మది భాగం మాత్రమే: ఒకటిన్నర. అది బి-ఫ్లాట్ మీద ఆగి ఏదో జరగబోతోందన్నట్టు ఉంటుంది, అక్కణ్ణుంచి నేరుగా సి-మైనర్లో పాము తరిమే దృశ్యంలోకి దూకొచ్చు. పాము చచ్చేదాకా రెండు నిమిషాలు, ముగ్గురు దాసీల గొడవ అక్కర్లేదు. పాపగేనో మొదటి పాట రెండు చరణాలు: రెండు. పమీనా బొమ్మ చూసి టమీనో పాడే పాట పూర్తిగా: నాలుగు. రాణి మొదటి పాటలో వేగంగా నడిచే రెండో భాగం: రెండు. నోటికి తాళం వేసిన ‘హ్మ్ హ్మ్’ పంచగానం, వేణువూ గంటలూ చేతికిచ్చేదాకా: మూడున్నర. పమీనా, పాపగేనో యుగళం: మూడు. మొదటి అంకం ముగింపులో వేణువుకి జంతువులొచ్చేదీ, గంటలకి కాపలావాళ్ళు గంతులేసేదీ: ఐదు. సరాస్ట్రో ప్రార్థన మూడు. రాణి రెండో పాట మూడు. వెంటనే సరాస్ట్రో జవాబు ఒక్క చరణం, రెండు. పమీనా విషాద గీతం నాలుగు. పాపగేనో గంటల పాట రెండు చరణాలు, రెండున్నర. నిప్పు, నీళ్ళ పరీక్ష మూడు. ‘పా-పా-పా’తో కలిపి పాపగేనో ముగింపు నాలుగు. చివరి బృందగానం రెండు.

కూడితే 46న్నర. మాటలకి 13 నిమిషాలు మిగులుతాయి. తెలుగులో అది ఏడెనిమిది పేజీల కన్నా ఎక్కువ కాదు.

#3 పాతమోస్తరు

అసలు గంటకే ఎందుకు కుదించాలి? సురభి వాళ్ళ ‘మాయాబజార్’కి పిల్లలు రెండు గంటలు కళ్ళప్పగించి కూర్చోలేదా? పిల్లల ఓపిక మీద మనకే నమ్మకం లేనట్టుంది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరా వాళ్ళు 2006లో ఇదే ఒపేరాని కుటుంబాల కోసం ఇంగ్లీషులో వేసినప్పుడు 100 నిమిషాలు ఉంచారు, విరామం లేకుండానే.

#4 బడిగంట

పాతమోస్తరు గారూ, అది కుటుంబాల ఆట. పక్కన అమ్మో నాన్నో కూర్చుని చెవిలో చెప్తుంటారు. ఇక్కడ తరగతికి తరగతి వస్తుంది, 40 మందికి ఒక టీచరు. బస్సు దిగడం, మంచినీళ్ళు, బాత్రూము, కూర్చోబెట్టడం కలిపితే ఆట మొదలయ్యే సరికే ముప్పావుగంట అయిపోతుంది. ఆ పైన 60 నిమిషాలే గట్టి లెక్క. ఆరేళ్ళ లోపు వాళ్ళయితే 35, 40 దాటనివ్వకూడదు. పదేళ్ళు దాటినవాళ్ళు 90 దాకా ఉంటారు, అదీ కథ ముందే తెలిస్తే.

కథ ముందే చెప్పేస్తే మజా పోతుందని చాలామంది అనుకుంటారు. ఒపేరాలో తిరగబడుతుంది. తెలిసిన పాట వచ్చినప్పుడే పిల్లలు నిటారుగా కూర్చుంటారు. ఇటలీలో ‘ఒపేరా దొమాని’ వాళ్ళు 1990ల నుంచి చేస్తున్నది ఇదే: మూడు నాలుగు పాటలు బడిలోనే నేర్పిస్తారు, ఆట రోజు పిల్లలు సీట్లలోంచే గాయకులతో కలిసి పాడతారు, క్లాసులో తయారుచేసుకున్న వస్తువులు చేత్తో పట్టుకుని వస్తారు. అంతకు చాలా ముందే, 1949లో, ఇంగ్లండులో స్వరకర్త బ్రిటెన్ ‘లెట్స్ మేక్ ఎన్ ఒపేరా’లో ప్రేక్షకుల కోసమే నాలుగు పాటలు రాశాడు. వాటిల్లో ఒకదానికి హాలుని నాలుగు గుంపులు చేసి, ఒక్కో గుంపుకి ఒక్కో పక్షి కూత ఇచ్చాడు. ఆ పాటలు ఎప్పుడు నేర్పిస్తాడంటే, ఒపేరా మొదలవకముందు సగం సేపు నడిచే నాటకంలో. నేర్పడం కూడా ఆటలో భాగమే.

మీ ఆటకి రెండు పాటలు చాలు: పాపగేనో మొదటి పాట పల్లవీ, కాపలావాళ్ళు గంతులేసే గంటల పాటా. రెండూ జి-మేజర్‌లోనే, పిల్లల గొంతుకి ఒక స్థాయి పైన హాయిగా పడతాయి. మూడోది నేర్పాలని ఆశపడితే మూడూ సగం సగం వస్తాయి.

#5 మంద్రస్వరం

రాణి మొదటి పాట గురించి ఒక మాట చేర్చాలి. చాలా కుదింపుల్లో దాన్ని ఎత్తేసి, అందరికీ తెలిసిన రెండో పాట మాత్రం ఉంచుతారు. అప్పుడు జరిగేదేమిటంటే, పిల్లలు రాణిని మొదటిసారి చూడ్డమే కత్తితో, కోపంతో చూస్తారు. ఈమె చెడ్డదని అప్పుడే తెలిసిపోతుంది. కథలో ఉన్న ఒకే ఒక్క మలుపు, పాపం బిడ్డని పోగొట్టుకున్న తల్లి అనుకున్నావిడ అలా కాదని తేలడం, గాల్లో కలిసిపోతుంది. సమయం లేకపోతే నెమ్మది భాగాన్ని పాడించకుండా పియానో మీద వాయిస్తూ తల్లి దుఃఖం మాటల్లో చెప్పించండి, తర్వాత వేగం భాగం పాడించండి.

పాతమోస్తరు గారికి: నమ్మకం ఉంది కాబట్టే పమీనా విషాద గీతం లెక్కలో ఉంచాను.

#6 వయొలా_వెనక_వరస

అదే నేను అడగబోతున్నాను. ఆ పాట నాలుగు నిమిషాలు, జి-మైనర్, రంగం మీద కదలిక లేదు. గంటలో నలభయ్యో నిమిషానికి దగ్గర్లో వస్తుంది. ఆరేళ్ళవాడు సీటు కింద పాకడం మొదలెట్టే సమయం అదే. సగానికి కుదించడమో, ఎత్తెయ్యడమో మేలు కాదా?

#7 బడిగంట

కాదండి. హాలంతా గప్‌చుప్‌గా అయిపోయేది సరిగ్గా అక్కడే. కాని ఒక షరతు. టమీనో మౌనవ్రతంలో ఉన్నాడని, నోరు విప్పితే ఓడిపోతాడని, పమీనాకి ఆ సంగతి తెలియదని పిల్లలకి ముందే తెలియాలి. కోత పెట్టేవాళ్ళు మౌనపరీక్ష మాటల్ని ‘ఇదంతా మతం గొడవ’ అని కొట్టేస్తారు. దాంతో ఆ అమ్మాయి ఎందుకు ఏడుస్తోందో, ఆ అబ్బాయి ఎందుకు పలకడో అర్థం కాదు. అప్పుడు మీరన్న పాకడం తప్పదు. తప్పు పాటది కాదు, దాని ముందు మాటలు లేకపోవడానిది.

మౌనం పిల్లలకి బాగా తెలిసిన ఆటే. సరాస్ట్రో పరీక్ష పెట్టినప్పుడు హాలు మొత్తాన్ని పది లెక్కపెట్టేదాకా పెదవి మీద వేలేసుకోమనండి. పాపగేనో మూడో అంకె దగ్గరే ఓడిపోతాడు. తర్వాత పమీనా వచ్చి ‘మాట్లాడవేం?’ అని అడిగితే ముందు వరసల్లోంచి ‘మాట్లాడకూడదు, మాట్లాడకూడదు’ అని గుసగుసలు వినబడతాయి. వాళ్ళకి తెలిసింది ఆమెకి తెలియదు. ఆ నాలుగు నిమిషాల్ని పట్టి ఉంచేది అదే.

#8 వయొలా_వెనక_వరస

సరే, ఒప్పుకున్నాను. అయితే ఆ పాటని పియానో ఒక్కదానికే వదిలెయ్యొద్దు. అసలులో తీగవాద్యాలు రెండేసి దెబ్బలుగా, గుండె కొట్టుకున్నట్టు నడుస్తాయి. పియానో మీద అది టక్కుటక్కుమంటుంది. చెల్లో కింది స్వరం పట్టుకుని, పియానో ఎడమ చేయి తగ్గించేస్తే మెత్తబడుతుంది.

ఐదుగురు అన్నారు కాబట్టి నా జాబితా: పియానో, ఫ్లూటు (అదే మనిషి పికొలో కూడా), క్లారినెట్టు, చెల్లో, తాళవాద్యాల మనిషి. గంటలు వాయించేదీ ఈ తాళవాద్యాల మనిషే. వయొలిన్ పెట్టాలని అందరికీ ఉంటుంది. ఒక్క వయొలిన్‌తో పెద్ద బృందం భ్రమ రాదు సరికదా, పమీనా గొంతుకి పోటీ వస్తుంది.

సరాస్ట్రో ప్రార్థనకి ఒక రహస్యం ఉంది. మోజార్ట్ అక్కడ వయొలిన్లు, ఫ్లూట్లు, ఓబోలు ఆపేశాడు. బాసెట్ హార్న్‌లు, బసూన్లు, మూడు ట్రాంబోన్లు, వయొలాలు, చెల్లోలు మాత్రమే. అందుకే గుడి గర్భంలోంచి వచ్చినట్టుంటుంది. మీ ఐదుగురిలో కూడా ఫ్లూటు నోరు మూయించండి. క్లారినెట్టు అట్టడుగు స్వరాల్లో, చెల్లో, పియానో మధ్య నుంచి కింది సగం. అంతే.

మొదటి మూడు తీగలు ఐదుగురితో పల్చగా వస్తాయి, అది ఖాయం. ఖాళీగా ఉన్న గాయకులందర్నీ తెర వెనక నించోబెట్టి నోరు మూసుకుని అవే స్వరాలు పలికిస్తే నిండుతనం వస్తుంది. ఇత్తడి వాద్యాల రికార్డింగు మాత్రం కలపొద్దు. ఒకసారి స్పీకరులోంచి శబ్దం వస్తే ఆ తర్వాత మామూలు గొంతులు చప్పగా వినబడతాయి.

#9 ఛందోబద్ధుడు

తెలుగు మాటల సంగతి నేను చెప్తాను. ఇందులో మనకి పెద్ద లాభం ఒకటుంది, చిక్కు ఒకటుంది.

లాభం: మన మాటలు అచ్చుతో ఆగుతాయి. జర్మన్‌లో పాదం చివర హల్లులు గుమిగూడే చోట మనకి ‘ఆ’, ‘ఓ’ ఉంటాయి. రాణి రెండో పాటలో అతి పై ఎఫ్ నాలుగుసార్లు వస్తుంది. ఆ పరుగులన్నీ ‘ఆ’ మీద ఉండేలా చూసుకుంటే గాయనికి సగం బరువు తగ్గుతుంది. అక్కడ ‘ఈ’, ‘ఊ’ పెట్టారంటే ఆమె ఎలాగూ ‘ఆ’ అనే పాడుతుంది, మాట చెడుతుంది.

చిక్కు: ద్విత్వాలు. ‘పిట్ట’, ‘తల్లి’, ‘కన్ను’ లాంటివి పొడవాటి స్వరం మీద పడితే గొంతు తెగుతుంది. గబగబా నడిచే పాటలో మాత్రం అవే ప్రాణం.

ఇప్పుడు అసలు సంగతి. పాపగేనో మొదటి పాట పాదానికి ఎనిమిది అక్షరాలు. ముందు ఒక తేలిక అక్షరం, తర్వాత దెబ్బ, మళ్ళీ తేలిక, మళ్ళీ దెబ్బ. లఘువు-గురువు, నాలుగుసార్లు. జ, ర, ల, గ: ఇది మన ప్రమాణి వృత్తమే! రెండు ప్రమాణి పాదాలు కలిపితే పంచచామరం, అంటే శివతాండవ స్తోత్రం నడక. ఆ ఊపు మన పిల్లల నోట్లో ముందే ఉంది. స్వరాల పొడవు చాలా చోట్ల సమానమే కాబట్టి ఇక్కడ గురువు పని పొడవు చూపించడం కాదు, తాళం దెబ్బ దగ్గర బరువు చూపించడం. మచ్చుకి:

మరేమొ పిట్టగాణ్ణి నే
వలేసి పాట పాడుతా

మ-రే-మొ-పిట్-ట-గాణ్-ణి-నే. దెబ్బలు రే, పిట్, గాణ్, నే మీద. ‘నేను పక్షుల్ని పట్టేవాణ్ణి’ అని నేరుగా అనువదించి చూడండి, ‘ను’ మీదా ‘క్షు’ మీదా దెబ్బ పడి ఎవరో పరాయివాడు తెలుగు మాట్లాడినట్టుంటుంది.

పమీనా గీతం దీనికి తలకిందులు. గురువుతో ఎత్తుగడ, తిస్రగతి నడక: గురువు-లఘువు నాలుగుసార్లు. ర, జ, గ, ల: సమాని. ‘ఏది ఏది నాటి హాయి’ అని మొదలెట్టొచ్చు.

#10 మంద్రస్వరం

అద్భుతం. ఒక్క అభ్యంతరం: ‘ఏది ఏది’ పాడేటప్పుడు సంధి అయిపోయి ‘ఏదేది’ అవుతుంది. గాయని విడదీసి పాడితే వెక్కిళ్ళలా ఉంటుంది.

#11 ఛందోబద్ధుడు

నిజమే. ‘పోయె పోయె నాటి హాయి’ అందాం. పో-యె-పో-యె-నా-టి-హా-యి. ఒక్క ద్విత్వం లేదు, అన్నీ లాగదగ్గ అచ్చులే.

‘హ్మ్ హ్మ్’ పంచగానంలో పాపగేనో భాగాన్ని అనువదించాల్సిన పని లేదు, ఎలాగూ నోటికి తాళం!

#12 పాతమోస్తరు

తాళం ఎందుకు పడిందో గుర్తుందా? పాముని నేనే చంపానని కోతలు కోసినందుకు. ఈ పాపగేనో మన పిట్టల దొరకి చుట్టమే. చెక్క తుపాకీ పట్టుకుని లేని గొప్పలు చెప్పే ఆ ధోరణిలో రెండు డైలాగులు పడితే తెలంగాణ పిల్లలకి ఇంక పరిచయం అక్కర్లేదు.

#13 ఛందోబద్ధుడు

చుట్టరికం ఒప్పుకుంటాను, రెండు డైలాగుల వరకే. మొత్తం పాత్రని అలా మార్చేస్తే పిల్లలు పిట్టల దొరనే చూస్తారు. ఈకలు కట్టుకున్నవాడు, ఆకలేసినవాడు, తోడు కావాలన్నవాడు, ఆ మనిషి పోతాడు.

#14 వేదికశిల్పి

పాము గురించి. ముగ్గురు మోసే పాము 5 మీటర్లు చాలు. బెత్తం చట్రాలు తల వైపు 45 సెంటీమీటర్ల వ్యాసం, తోక వైపు 20కి తగ్గుతూ, 40 సెంటీమీటర్లకొకటి. పైన సాగే గుడ్డ. ఇనప చువ్వలతో చేస్తే రెండో ఆటకే మోసేవాళ్ళ భుజాలు పోతాయి. తలని అకస్మాత్తుగా చీకట్లోంచి పిల్లల మీదికి తెస్తే ముందు వరస ఏడుపు లంకించుకుంటుంది, ఆ ఏడుపు అంటువ్యాధి. తోక ముందు కనబడాలి, తర్వాత ఒళ్ళు, ఆఖర్న తల. అప్పుడు భయం సరదాగా మారడానికి సమయం దొరుకుతుంది. మోసేవాళ్ళ కాళ్ళు దాచొద్దు. ఎవరో మోస్తున్నారని తెలిసినా పిల్లలు నమ్ముతారు, భయం మాత్రం సగమవుతుంది.

హాలు దీపాలు పూర్తిగా ఆర్పకండి, పావు వంతు వెలుగు ఉంచండి. ఉరుము శబ్దం ముందు రాణి దాసీలు చెవులు మూసుకోవడం చూపిస్తే పిల్లలూ మూసుకుంటారు, అదే హెచ్చరిక.

నిప్పు, నీళ్ళు: సిల్కు గుడ్డలు. 6 మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు, రెండు వైపులా ఇద్దరిద్దరు. నైలాన్ అయితే కరకర చప్పుడు చేసి ఫ్లూటుని మింగేస్తుంది. అక్కడ ఫ్లూటు వెనక ఇత్తడి వాద్యాలూ డోళ్ళూ మెత్తగా తప్ప ఇంకేం లేవు కదా.

గంటల సంగతి ముఖ్యం. పాపగేనో చేతిలో ఉన్నది ఉత్తుత్తిది, వాయించేవాడు వేరే. ఇద్దరికీ ఒకరి ముఖం ఒకరికి కనబడాలి. పక్క తెర వెనక కూర్చోబెడితే ఖాయంగా తప్పుతుంది. మొదటి ఆటల్లోనే, 1791 అక్టోబరులో, మోజార్ట్ సరదాకి తెర వెనక్కి వెళ్ళి తనే గంటలు వాయించాడు. షికనేడర్ ఆగినచోట ఒక పరుగు వాయించాడు, అతను ఉలిక్కిపడి పక్కకి చూశాడు. రెండోసారి వాయించకుండా ఊరుకున్నాడు, ఇతనూ ఆగిపోయాడు. మోజార్ట్ మళ్ళీ ఒక తీగ మోగించేసరికి షికనేడర్ గంటల పెట్టెని ఒక్కటేసి నోర్మూసుకోమన్నాడు. హాలంతా నవ్వు. ఆ గంటలు అతను వాయించట్లేదని చాలామందికి అప్పుడే తెలిసిందని మోజార్ట్ భార్యకి ఉత్తరం రాశాడు. ఈ ముక్కని మీ ఆటలో యథాతథంగా వాడుకోవచ్చు. వాయించే మనిషిని వేదిక అంచునే కూర్చోబెట్టండి.

#15 తెరచాటు

ఇంత దొరుకుతుందనుకోలేదు, అందరికీ కృతజ్ఞతలు. రెండు ఇబ్బందికరమైన చోట్లు మిగిలాయి. సరాస్ట్రో దగ్గర కాపలా ఉండే మొనోస్టాటోస్ పాత్రా, పాపగేనో ఉరి తాడు పట్టుకునే దృశ్యమూ. గాయకుల సంఖ్య కూడా.

#16 బడిగంట

మొనోస్టాటోస్ పాట మాటల్లో ఒంటి రంగు మీద నీచమైన మాటలున్నాయి. ఈ రోజుల్లో చాలామంది ఆ మాటలు మార్చేస్తారు. తెలుగులో అయితే మరీ జాగ్రత్త, ‘నల్లగా ఉన్నాను కాబట్టి నన్నెవరూ ఇష్టపడరు’ అనే అర్థం ఒక్క ముక్క వచ్చినా, ఎదురుగా కూర్చున్న పిల్లల్లో ఆ మాట రోజూ పడేవాళ్ళు ఉంటారు. పాట ఎత్తెయ్యండి. పాత్రని తాళాలగుత్తి పట్టుకు తిరిగే కాపలాదారుగా ఉంచండి, గంటలకి గంతులెయ్యడానికి ఎలాగూ కావాలి. ‘ఆడవాళ్ళ మాట నమ్మొద్దు’ అని పూజారులు పాడే చిన్న యుగళం కూడా అంతే, అది లేకపోతే కథకి చీమ కుట్టినంత నష్టం లేదు.

తాడు వద్దు. పమీనా బాకు కూడా వద్దు. పాపగేనో మూడు లెక్కపెట్టే సంగీతం మాత్రం బంగారం, పోనివ్వకండి. ‘మూడు లెక్కపెట్టేలోగా ఎవరూ రాకపోతే ఇంక జన్మలో పాడను, ఈ పిల్లంగోవి పారేస్తాను’ అనిపించండి. పందెం చిన్నదైనట్టు మనకి అనిపిస్తుంది, పిల్లలకి కాదు. ‘రెండు’కీ ‘మూడు’కీ మధ్య హాలు అరుస్తుంది. ఆ అరుపుకి పియానో మనిషి సిద్ధంగా ఉండాలి: అరుపు తగ్గేదాకా ఆ తీగ పట్టుకుని ఆగాలి, దాని మీంచి వాయించుకుంటూ పోకూడదు.

#17 మంద్రస్వరం

గాయకులు ఎనిమిది మంది: టమీనో, పమీనా, పాపగేనో, రాణి, సరాస్ట్రో, మొనోస్టాటోస్, మరో ఇద్దరు ఆడగొంతులు. ముగ్గురు దాసీల్లో మొదటామెగా పమీనాయే ముసుగుతో పాడొచ్చు, పంచగానం అయ్యేదాకా పమీనా రంగం మీదికి రాదు కాబట్టి. మిగతా ఇద్దరిలో ఒకరు తర్వాత పాపగేనా, అంటే పాపగేనోకి చివర్లో దొరికే తోడు. దాసీల్ని ఇద్దరికి తగ్గించకండి, ఆ ముగ్గురి కలయికలోనే తమాషా. ముసుగు కళ్ళ దాకానే ఉండాలి, నోరు మూస్తే మాట పోతుంది.

రాణి గొంతు పై ఎఫ్ అందుకోలేకపోతే డి-మైనర్ పాటని ఒక స్వరం దించి సి-మైనర్‌లో పాడించొచ్చు. ఐదుగురి బృందానికి తిరగరాయడం ఒక పూట పని. సంప్రదాయవాదులు తిడతారు, తిట్టనివ్వండి.

#18 పాతమోస్తరు

తిడుతున్నాను. అక్కడ పిల్లలు చూడాల్సింది మనిషి గొంతు ఎంత దూరం వెళ్ళగలదో. ఎఫ్ ఉన్న గాయనినే వెతకండి. ఒక్క పాటన్నర కోసం వచ్చే మనిషే కదా.

#19 వయొలా_వెనక_వరస

పక్కదారి అయినా ఒక మాట. ‘హాన్సెల్ అండ్ గ్రెటెల్’ అయితే ఇంకా సులువని ఎవరైనా అంటారేమో. 1893లో వైమార్‌లో రిచర్డ్ స్ట్రాస్ నడిపిన ఆట అది, కథ చిన్నపిల్లలదే, సంగీతం మాత్రం వాగ్నర్ బడిలోది. వాద్యబృందం చాలా చిక్కన. పియానోకి దించితే అడవి మాయమై పదివేళ్ళ కసరత్తు మిగులుతుంది. పెద్ద బృందం లేనివాళ్ళు దాని జోలికి పోకపోవడమే మంచిది. వాద్యాలు మార్చే ధైర్యం ఉంటే దక్షిణాఫ్రికా ఇసాంగో బృందం వాళ్ళని చూడండి, ఇదే ‘మేజిక్ ఫ్లూట్’ని మరింబాల (చెక్క పలకల వాద్యాల) మీద వాయించారు.

హక్కుల విషయం: మోజార్ట్ సంగీతానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కాని ఈమధ్య అచ్చయిన పియానో కూర్పు, ఎవరో చేసిన ఇంగ్లీషు అనువాదం, కుదించిన రంగప్రతి, వీటికి హక్కులుంటాయి. జర్మన్ మూలం నుంచే తెలుగు చేసుకుంటే గొడవ లేదు. బ్రిటెన్ 1976లో పోయాడు, ఆయనవి అనుమతి లేకుండా వెయ్యకూడదు.

#20 వేదికశిల్పి

పాపగేనో పిల్లంగోవి మర్చిపోయాం. ఐదు స్వరాలే: జి, ఎ, బి, సి, డి. మన లెక్కలో 5 శ్రుతి శంకరాభరణంలో స-రి-గ-మ-ప. పిల్లల చేత బడిలోనే చేయించొచ్చు. అరంగుళం సీపీవీసీ పైపు, లోపలి వ్యాసం సుమారు 12 మిల్లీమీటర్లు. ఒక కొన మూసుంటుంది కాబట్టి లోపలి గాలి లోతు ఇలా ఉండాలి: జి 105, ఎ 94, బి 83, సి 78, డి 69 మిల్లీమీటర్లు. ముక్కల్ని ఈ లోతుల కన్నా 15 మిల్లీమీటర్లు పొడుగ్గా కోసి, కింది నుంచి బిరడా దోపాలి. ఊదే అంచుని గరుకు కాగితంతో నున్నగా రుద్దకపోతే పెదవి కోసుకుంటుంది.

#21 తెరచాటు

ప్రయత్నించాం. జి, ఎ బాగానే పలికాయి. పై మూడూ కొంచెం తగ్గు స్థాయిలో వస్తున్నాయి, ఊదినకొద్దీ మారుతున్నాయి కూడా. బిరడాకి పిల్లలు ఆడుకునే బంకమట్టి వాడాం.

#22 వేదికశిల్పి

పెదవి గొట్టం నోటిని ఎంత కప్పితే శ్రుతి అంత దిగుతుంది, పొట్టి గొట్టాల్లో ఆ తేడా ఎక్కువ తెలుస్తుంది. బిరడాని పెన్సిల్ వెనక భాగంతో రెండేసి మిల్లీమీటర్లు పైకి తొయ్యండి, ట్యూనర్ యాప్ చూసుకుంటూ. ఊదినకొద్దీ మారడం బంకమట్టి వల్ల, ఊపిరి తేమకి మెత్తబడి కిందికి జారుతుంది. సీసా బిరడా ముక్కని చుట్టూ అరగదీసి బిగుతుగా దోపి, పైన ఒక చుక్క మైనం పొయ్యండి. ఆట రోజు పాపగేనో ఆ గొట్టాల్ని కాసేపు చొక్కా లోపల ఉంచుకోవాలి. ఏసీ హాల్లో చల్లబడ్డ గొట్టం పియానో కన్నా తక్కువగా పలుకుతుంది.